ఏఎస్పీ ఫ్లడ్డింగ్‌లో స్కేల్ నివారణ: డోసు కంటే ముందు నీటిని చూడాలి

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెబుతాను. నేను అర్థం చేసుకున్నదానిలో తేడా ఉంటే మీకు ఇక్కడే తెలిసిపోతుంది. మీ సంస్థ చెన్నైలో చాలా ఏళ్లుగా ఆర్‌ఓ ప్లాంట్లకు, బాయిలర్లకు యాంటీస్కేలెంట్లు, అంటే గొట్టాలకు రాయిలా పట్టే ఖనిజపు పెచ్చు (స్కేల్) రాకుండా ఆపే మందులు, సరఫరా చేస్తోంది. ఇప్పుడు ఒక చమురు క్షేత్రంలో జరగబోయే ఏఎస్పీ పైలట్‌కు (చిన్న స్థాయి ప్రయోగానికి) స్కేల్ ఇన్హిబిటర్, అంటే స్కేల్‌ను ఆపే మందు, కావాలని మీకు టెండరు వచ్చింది. ఏఎస్పీ అంటే క్షారం, సబ్బులాంటి సర్ఫాక్టెంట్, నీటిని చిక్కబరచే పాలిమర్ మూడింటినీ నీటిలో కలిపి భూమిలోకి పంపి, ఉత్త నీటికి లొంగని చమురును కదిలించే పని. క్షారంగా 1 శాతం సోడా యాష్ (సోడియం కార్బొనేట్) వాడతారు. సముద్రపు నీటి ఆర్‌ఓ కోసం మీ దగ్గర తయారుగా ఉన్న ఫాస్ఫోనేట్ మందు ఇక్కడ కూడా పనిచేస్తుందా, టెండరులో డోసు ఎంతని రాయాలి అన్నవి మీరు అడిగిన రెండు విషయాలు.

ఆ ఉత్పత్తి ఒక్కటే ఈ పనికి చాలదు. డోసు అంకె వేయడానికి కావలసిన సమాచారం కూడా మీకు పంపిన పత్రాలలో లేదు. ఈ రెండు మాటలకూ కారణాలు వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ రంగంలో స్కేల్ వల్ల చెడిపోయిన పంపులలో చాలా వాటికి అసలు కారణం మందు తక్కువ కావడం కాదు, మందుతో తీరని సమస్యకు మందు వేయడం.

మీంజూరులో 2010లో, నెమ్మేలిలో 2013లో సముద్రపు నీటి ఆర్‌ఓ ప్లాంట్లు మొదలైన ఊరిలో ఉన్నాం కనుక, ఉప్పునీరు, స్కేల్ అనగానే మనకు ఆ పద్ధతే గుర్తుకు రావడం సహజం. అయితే ఆర్‌ఓలో మనకు ఒక పెద్ద వెసులుబాటు ఉంది. నీటిలో కార్బొనేట్ ఎక్కువైతే కొంచెం ఆమ్లం వేసి పీహెచ్ తగ్గించవచ్చు, లేదా రికవరీ (తీసే మంచినీటి వాటా) తగ్గించి రిజెక్ట్ నీటిని పలచగా ఉంచవచ్చు. ఏఎస్పీలో ఆ రెండు దారులూ మూసుకుపోయి ఉంటాయి. అక్కడ ఎక్కువ పీహెచ్ అన్నది అనుకోకుండా వచ్చిపడిన ఇబ్బంది కాదు, చికిత్సే అది. ముడిచమురులోని ఆమ్లాలను సబ్బుగా మార్చడానికి, ఖరీదైన సర్ఫాక్టెంట్ రాతికి అంటుకుపోకుండా కాపాడడానికి, చమురుకూ నీటికీ మధ్య తలతన్యతను మీటరుకు 0.001 మిల్లీన్యూటన్ స్థాయికి దించడానికి ఆ క్షారమే ఆధారం. దాన్ని తగ్గిస్తే పైలట్‌కే అర్థం లేకుండా పోతుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. 1 శాతం సోడా యాష్ అంటే లీటరుకు 10 గ్రాములు, అంటే దాదాపు 0.094 మోల్ కార్బొనేట్. ఆ నీరు చమురున్న రాతి పొరలోని పాత నీటితో కలిసిన చోట లీటరుకు 100 మిల్లీగ్రాముల కాల్షియం ఉందనుకోండి, అది 0.0025 మోల్. రెండింటినీ గుణిస్తే సుమారు 0.00024 వస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్ రాయి) ద్రావణీయతా లబ్ధం 0.0000000033. అంటే నీరు పట్టుకోగలిగిన దానికి 70,000 రెట్లు ఎక్కువ. అయాన్ల క్రియాశీలతకు సవరణ చేసినా ఇంకా కొన్ని వేల రెట్లు మిగులుతుంది, అంటే ఆ రెట్లకు లాగరిథమ్ అయిన సంతృప్తతా సూచిక 3.5 దాటుతుంది. కార్బొనేట్‌లో కొంత బైకార్బొనేట్‌గా మారుతుంది కాబట్టి నిజమైన అంకె కొంత తగ్గవచ్చు, కానీ కథ మారేంత కాదు. మామూలు ఫాస్ఫోనేట్ లీటరుకు కొద్ది మిల్లీగ్రాముల మోతాదులో స్ఫటికాల పెరుగుదలను ఆపగలిగేది ఈ సూచిక 2, మహా అయితే 2.5 దాకా ఉన్నప్పుడే. ఆ పైన మందు పెంచుకుంటూ పోతే కొంత దూరం తరువాత ఫాస్ఫోనేటే కాల్షియంతో కలిసి తెల్లటి ముద్దగా అడుగుకు దిగుతుంది. పీహెచ్ 10 దాటిన నీటిలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

అందుకే ఇంజెక్షన్ వైపు జవాబు ఇన్హిబిటర్ కాదు, నీటిని మెత్తబరచడం. క్షారం కలపడానికి ముందే కాల్షియం, మెగ్నీషియం దాదాపు పూర్తిగా తీసివేయాలి. లవణాలు తక్కువ ఉన్న నీటికి బాయిలర్ల దగ్గర మీరు రోజూ చూసే, కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదిలే సోడియం రూపపు రెజిన్, ఉప్పునీటితో పునరుద్ధరణ సరిపోతాయి. మొత్తం లవణాలు లీటరుకు 5,000 మిల్లీగ్రాములు దాటే కొద్దీ ఆ రెజిన్ నుంచి కాఠిన్యం జారిపోవడం మొదలవుతుంది. అప్పుడు ఆమ్లంతో, తరువాత కాస్టిక్‌తో పునరుద్ధరించే బలహీన ఆమ్ల రెజిన్‌కు వెళ్లాలి. చమురుతో పాటు పైకి వచ్చిన నీటినే తిరిగి వాడాలనుకుంటే నూనె, ఇనుము, పాలిమర్ మూడూ రెజిన్ గింజలకు పట్టి దాన్ని చంపేస్తాయి. కాబట్టి ముందు వడపోతకు పెట్టే ఖర్చు దగ్గర బేరమాడవద్దని క్షేత్రం వారికి గట్టిగా చెప్పండి. సాఫ్టెనర్‌కు బైపాస్ వాల్వు ఉంటే దానికి సీలు వేయించండి. రాత్రి షిఫ్టులో రెజిన్ అయిపోయినప్పుడు పని ఆగకూడదని ఎవరో ఒకరు ఆ వాల్వు తెరుస్తారు. ఆ కొద్ది గంటల కఠిన జలం ఇంజెక్షన్ బావి ముఖం దగ్గర సున్నపురాయిగా మారి కూర్చుంటుంది.

నీటిని ఎంత మెత్తబరచినా, రాతిలోని కాల్షియం రాతిలోనే ఉంటుంది. బంకమన్ను ఖనిజాల ముఖాల మీద పట్టి ఉన్న కాల్షియం, మెగ్నీషియంలను సోడియం తోసివేస్తుంది, అవి నీటిలోకి వస్తాయి. కోర్ నమూనాలో (పొర నుంచి తీసిన రాతి ముక్కలో) జిప్సం గానీ అన్‌హైడ్రైట్ గానీ కనిపిస్తే పరిస్థితి మరీ కష్టం, అది కరుగుతూ పోయి క్షారాన్ని మింగేస్తుంది. అలాంటి పొరలో ఏఎస్పీ చేయాలా అన్న ప్రశ్నే ముందు వేయాలి. కోర్ ఎక్స్‌ఆర్‌డీ నివేదిక (ఎక్స్-కిరణాలతో ఖనిజాలను గుర్తించే పరీక్ష ఫలితం) అడగకుండా టెండరు వేయవద్దు. మెత్తని నీటితో ముందుగా కొంత ప్రీఫ్లష్ చేయడం వల్ల పాత కఠిన జలం కొంత దూరం జరుగుతుంది, మేలే. కానీ రెండు నీళ్ల మధ్య సరిహద్దు ఎప్పుడూ చెదిరిపోతూనే ఉంటుంది కనుక ప్రీఫ్లష్ మీదే భారం వేయడం సరికాదు.

ఇంతవరకు చెప్పినది కార్బొనేట్ సంగతి. మీరు మీ ప్రశ్నలో ప్రస్తావించనిది, ఏఎస్పీలో అసలు శత్రువు, సిలికా.

ఇసుకరాయి అంటే క్వార్ట్జ్, దానితో పాటు ఫెల్డ్‌స్పార్, కేయొలినైట్. సాధారణ పీహెచ్ దగ్గర స్ఫటికరూపం లేని సిలికా 25 డిగ్రీల వద్ద నీటిలో లీటరుకు సుమారు 120 మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. పీహెచ్ 9.5 దాటాక సిలిసిక్ ఆమ్లం సిలికేట్ అయానుగా మారడం మొదలై, కరిగే పరిమాణం నిటారుగా పెరుగుతుంది. క్షారపు నీరు నెలల తరబడి రాతి గుండా నడుస్తూ ఈ ఖనిజాలను కొద్దికొద్దిగా కొరుక్కుంటూ సిలికాను నింపుకుని ఉత్పత్తి బావికి చేరుతుంది. అక్కడ ఇంకొక పొర నుంచి వచ్చే తటస్థమైన, మెగ్నీషియం ఉన్న పాత నీరు దానితో కలుస్తుంది. పీహెచ్ పడిపోతుంది. ఒక్కసారిగా సిలికా తన పరిమితికి మించిపోయి అణువులు గొలుసులుగా అల్లుకుంటాయి. మెగ్నీషియం చేతికందితే మెగ్నీషియం సిలికేట్ ఏర్పడుతుంది. ఇదంతా సరిగ్గా పంపు దగ్గర, పొరలోని ద్రవం బావిలోకి వచ్చేందుకు గొట్టానికి వేసిన రంధ్రాల దగ్గర, పైన చమురునూ నీటినీ వేడితో విడదీసే హీటర్ ట్రీటర్ గొట్టాల మీద జరుగుతుంది. కార్బొనేట్ స్కేల్ సుద్దలాంటిదైతే, ఇది పింగాణీ లాంటిది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం దీన్ని ఏమీ చేయలేదు.

చైనాలోని డాచింగ్ క్షేత్రం ఈ పాఠాన్ని చాలా ఖరీదుగా నేర్చుకుంది. 1990ల నుంచి అక్కడ కాస్టిక్ సోడాతో చేసిన ఏఎస్పీ పైలట్లలో చమురు బాగా వచ్చింది కానీ, ఉత్పత్తి బావులలో సిలికేట్ స్కేల్ పట్టి పంపుల ఆయుష్షు దారుణంగా పడిపోయింది. తరువాత వారు సోడా యాష్ వంటి బలహీన క్షారం వైపు మొగ్గడానికి అది ఒక ముఖ్య కారణం. మన దేశంలో గుజరాత్ విరాజ్ క్షేత్రంలో ఓఎన్‌జీసీ 2002లో ఏఎస్పీ పైలట్ మొదలుపెట్టింది, రాజస్థాన్ మంగళ క్షేత్రంలో కూడా పాలిమర్‌తో పాటు ఏఎస్పీ పైలట్ జరిగింది. మీ పైలట్‌లో సోడా యాష్ ఎంచుకున్నారంటే సిలికా భయం కొంత తగ్గింది. కానీ కార్బొనేట్‌ను మనమే లోపలికి పంపుతున్నాం కనుక కాల్సైట్ భయం పెరిగింది. ఏ క్షారం తీసుకున్నా ఈ రెండింటిలో ఒకదాన్ని మోయక తప్పదు.

ఈ రెండు రకాల స్కేలూ ఒకే ముక్కలో కనిపించిన సందర్భం ఒకటి చెబుతాను. ఒక ఏఎస్పీ బావి నుంచి తీసిన స్క్రూ పంపు రోటరు నుంచి ఒలిచిన పెచ్చు గిండీలోని మా ప్రయోగశాలకు వచ్చింది. వేలి మందం కంటే కొంచెం తక్కువ. అడ్డంగా కోసి నున్నగా అరగదీసి భూతద్దం కింద పెడితే లోహం వైపు లేత గోధుమ రంగు పొర, దాని మీద బూడిద, తెలుపు చారలు, పైన గాజులా మెరిసే సన్నని పొర వరుసగా ఉన్నాయి. డ్రాపర్‌తో పలచని ఆమ్లం చుక్కలు వరసగా వేశాం. లోహం వైపు బుసబుసమని నురగ వచ్చింది, మధ్యలో అక్కడక్కడ బుడగలు లేచాయి, పై పొర మీద చుక్క అలాగే గుండ్రంగా నిలబడిపోయింది. అంటే మొదట కార్బొనేట్, తరువాత రెండూ కలిసి, చివరకు సిలికేట్. డాచింగ్ అనుభవంలోనూ ఇదే వరుస. ఆ బావికి మొదటి రోజు నుంచి చివరి వరకు ఒకే కార్బొనేట్ ఇన్హిబిటర్, ఒకే డోసులో వేస్తూ వచ్చారు. మొదటి దశలో ఆ మందు తన పని తాను చేసింది. సిలికా వచ్చాక ఆ మందుకు అక్కడ చేయగలిగింది ఏమీ లేదు.

కాబట్టి డోసు నిర్ణయించాల్సింది బావి నీరు. ప్రతి ఉత్పత్తి బావి నుంచి క్షారం రాకముందే నాలుగైదు నమూనాలు తీసి మూలరేఖ వేసుకోవాలి, తరువాత వారానికొకసారైనా పీహెచ్, బైకార్బొనేట్, కార్బొనేట్, కాల్షియం, మెగ్నీషియం, సిలికా, క్లోరైడ్ చూడాలి. నమూనా తీసే చేతిలోనే సగం విశ్లేషణ ఉంది. పీహెచ్, బైకార్బొనేట్ బావి దగ్గరే కొలవాలి. చెన్నైకి సీసా వచ్చేలోపు కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి అంకెలు మారిపోతాయి. 0.45 మైక్రాన్ ఫిల్టరుతో అక్కడే వడగట్టి, కాల్షియం కోసం ఒక సీసాను ఆమ్లీకరించాలి. సిలికా నమూనాను ఎప్పుడూ గాజు సీసాలో పట్టవద్దు, క్షారపు నీరు గాజునే కరిగించి తప్పు అంకె ఇస్తుంది. ప్లాస్టిక్ సీసాలో పట్టి, వెంటనే శుద్ధజలంతో పలచన చేయాలి, లేకపోతే దారిలోనే సిలికా గొలుసులుగా మారి విడి అణువులనే లెక్కించే మాలిబ్డేట్ పరీక్షకు అందకుండా పోతుంది. ఐసీపీ యంత్రం ఇచ్చే మొత్తం సిలికాకూ, మాలిబ్డేట్ చూపే సిలికాకూ మధ్య తేడా పెరుగుతోందంటే పాలిమరైజేషన్ అప్పటికే మొదలైందని అర్థం. అది మీకు అన్నిటికంటే ముందు దొరికే హెచ్చరిక.

చాలామంది కాల్షియం అంకె తగ్గుతుంటే సంతోషిస్తారు. సాధారణ ఫ్లడ్డింగ్‌లో సరే, ఏఎస్పీలో అది అనుమానించాల్సిన గుర్తు. తగ్గిన కాల్షియం ఎక్కడో రాయిగా మారింది. ఎంత మారిందో క్లోరైడ్‌తో లెక్కకట్టవచ్చు, ఎందుకంటే క్లోరైడ్ అవక్షేపంగా దిగదు, రాతితో చర్య జరపదు. ఉదాహరణకు పాత నీటిలో క్లోరైడ్ 6,000, కాల్షియం 150, ఇంజెక్షన్ నీటిలో క్లోరైడ్ 1,000, కాల్షియం 2 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుందాం. బావి నుంచి వచ్చే నీటిలో క్లోరైడ్ 3,500 ఉంటే రెండు నీళ్లూ సగం సగం కలిశాయన్నమాట. ఆ లెక్కన కాల్షియం 76 ఉండాలి. కొలిస్తే 15 వచ్చిందనుకోండి, లీటరుకు 61 మిల్లీగ్రాములు మాయమయ్యాయి. కాల్షియం కార్బొనేట్‌గా చూస్తే అది ఘనమీటరుకు 152 గ్రాములు. బావి రోజుకు 100 ఘనమీటర్ల నీరు ఇస్తుంటే రోజుకు 15 కిలోల రాయి. అందులో ఎక్కువ భాగం పొరలో దూరంగా పడి ఉంటే పెద్ద నష్టం లేదు, బావి దగ్గర పడుతుంటే పంపు గొంతు పట్టుకుంటుంది. ఏది జరుగుతోందో పంపు కరెంటు, బావి పీడనం, వారం వారం పంపు సామర్థ్యం పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. సిలికాకూ ఇదే లెక్క, తిరగవేసి. కలయిక ప్రకారం ఉండాల్సిన దానికంటే ఎంత ఎక్కువ ఉందో చూడాలి.

ఇక మందు ఎంపిక. కార్బొనేట్ దశకు ఫాస్ఫోనేట్ గానీ పాలీకార్బాక్సిలేట్ గానీ వాడుకోవచ్చు, కానీ మీ సముద్రపు నీటి ఉత్పత్తిని నేరుగా తేవద్దు. క్షేత్రపు నీటిలో, క్షేత్రపు పీహెచ్ దగ్గర, క్షేత్రపు ఉష్ణోగ్రత దగ్గర సీసా పరీక్ష, సన్నని గొట్టం మూసుకుపోయే పరీక్ష రెండూ చేయాలి, ఆ నీటిలో పాలిమర్, సర్ఫాక్టెంట్ తప్పనిసరిగా ఉండాలి. సిలికా దశకు డిస్పర్సెంట్లు (రేణువులు ముద్దకట్టకుండా విడదీసి ఉంచే మందులు) వేరు. సిలికాను బాగా పట్టి ఉంచేవాటిలో కొన్ని ధనావేశం ఉన్న పాలిమర్లు. మన ఫ్లడ్‌లోని హెచ్‌పామ్ పాలిమర్ ఋణావేశం కలది, సర్ఫాక్టెంటూ అంతే. రెండూ కలిస్తే జిగటముద్దలు తయారై స్కేల్ కంటే ముందు అవే వాల్వులు మూస్తాయి. ప్రయోగశాలలో ఉత్త నీటిలో అద్భుతంగా పనిచేసిన మందు క్షేత్రంలో ఇలా తిరగబడడం చూశాను కాబట్టి, ఈ ఒక్క పరీక్ష లేకుండా ఏ ధనావేశ ఉత్పత్తినీ ఒప్పుకోవద్దు. ఉత్పత్తి వైపు నూనె, నీరు విడదీసే డిమల్సిఫైయర్‌తో కూడా కలిపి చూడండి.

మందు ఎక్కడ వేస్తారన్నది ఎంత వేస్తారన్నదానితో సమానమైన ప్రశ్న. యాన్యులస్‌లో (బావి లోపలి, బయటి గొట్టాల మధ్య ఖాళీలో) పోస్తే అది పంపును కాపాడుతుందే తప్ప రంధ్రాలను కాదు. సన్నని కేపిలరీ గొట్టం ద్వారా పంపు కింద, వీలైతే రంధ్రాల స్థాయిలో నిరంతరంగా వేయడం మేలు. స్క్వీజ్ పద్ధతిలో పొరలోకి తోసి నెలల తరబడి మెల్లగా వచ్చేలా చేయాలని అడుగుతారు. కానీ ఫాస్ఫోనేట్ రాతికి బాగా అంటుకునేది తక్కువ పీహెచ్ దగ్గర. క్షారపు నీరు చేరిన పొరలో అది పట్టు తప్పి తొందరగా కొట్టుకుపోతుంది. క్షారం రాకముందు చేసిన స్క్వీజ్ లెక్కలు వచ్చిన తరువాత చెల్లవు. ఇంకొక దారి, చాలాచోట్ల మందు కంటే ఎక్కువ ఫలితమిచ్చేది, బావి కట్టుబడి. క్షారం తొందరగా చేరే పొరను, కఠిన జలం ఇచ్చే పొరను ఒకే గొట్టంలో కలవనివ్వకపోతే సిలికేట్‌కు పుట్టే చోటే ఉండదు. గొట్టాల పూతలు, నున్నటి రోటర్లు పెచ్చు అంటుకోవడాన్ని కొంత ఆలస్యం చేస్తాయి, అంతవరకే. బేరియం సల్ఫేట్ ప్రశ్న ముఖ్యంగా సముద్రపు నీరు వాడే చోట వస్తుంది, భూమి మీది పైలట్ కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

సిలికేట్ పట్టాక తీసివేయడం గురించి ఒక్క హెచ్చరిక. దానికి హైడ్రోక్లోరిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాల మిశ్రమం కావాలి. సోడియం నిండిన క్షారపు బావిలోకి దాన్ని నేరుగా పంపితే సోడియం ఫ్లోరోసిలికేట్, కాల్షియం ఫ్లోరైడ్ కొత్త రాళ్లుగా దిగుతాయి. ముందు అమ్మోనియం క్లోరైడ్, ఉత్త హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడగాలి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం మీద పడితే మొదట నొప్పి లేకుండానే లోపలికి దిగి ప్రాణాలు తీయగలదు. దానికి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ జెల్, ఆ జెల్‌ను వాడడం తెలిసిన మనిషి, తీసుకెళ్లాల్సిన ఆసుపత్రికి ముందస్తు సమాచారం లేకుండా మీ సంస్థ మనుషులను ఆ పనికి పంపవద్దు, ఎంత తొందర పెట్టినా సరే.

టెండరులో డోసు గడి ఉందని, ఖాళీగా వదిలితే తిరస్కరిస్తారని రాశారు. అక్కడ ఒక్క అంకె వేయకుండా మూడు వరుసలు రాయండి. క్షారం రాకముందు, బావి నీటి పీహెచ్ మూలరేఖను దాటాక, సిలికా కలయిక లెక్కను దాటాక అని. ప్రతి దశకూ ఏ ఉత్పత్తి, ఏ పరిధిలో డోసు, ఏ అంకె కనబడితే తరువాతి దశకు మారుతారో స్పష్టంగా పెట్టండి. పరిధులు క్షేత్రపు నీటితో చేసిన పరీక్షల తరువాత ఖరారవుతాయని షరతు చేర్చండి. సాఫ్టెనర్ నుంచి బయటికి వచ్చే కాఠిన్యం ఎంతకు మించకూడదో కూడా అదే పత్రంలో రాయించి, అది దాటిన రోజుల హామీ మీది కాదని ఒప్పించండి. కోర్ నివేదిక, పాత నీటి విశ్లేషణలు, బావుల పొరల వివరాలు వచ్చాక పంపండి. సంతృప్తతా సూచికలు పొర ఉష్ణోగ్రత దగ్గర మళ్లీ లెక్కకట్టి, మొదటి దశ పరిధికి ఒక ప్రారంభ అంకె ఎంత పెట్టవచ్చో చెబుతాను.